మారయ్య తూకం

(రాచగుట్ట జైలు – పదమూడవ భాగం)

కిందటి వారం వార్డరు మైసయ్యను జైలు పెద్ద దర్వాజా ముందు చెమటలు కక్కుతుండగా వదిలిపెట్టి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. మరిచిపోయిన వారి కోసం, మధ్యలో వచ్చి చేరిన వారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని అతన్ని లోపలికి పంపిద్దాం.

మారయ్య అనే ఖైదీ చనిపోయి పన్నెండు రోజులైంది. కట్టంగూర్ దగ్గరి పల్లెలో రైతు. వాగు నీళ్ళ కొట్లాటలో ఒక మనిషి తల పగిలి పోతే మారయ్యకు ఏడేళ్ళు పడింది. ఇంకో పంతొమ్మిది రోజుల్లో విడుదల కావలసినవాడు, జైల్లో కంబళ్ళు నేసే మగ్గం మీదే నెత్తురు కక్కుకుని పడిపోయాడు. శవం కోసం వచ్చిన తల్లి ఉప్పలమ్మకు అరవై ఏళ్ళు దాటాయి. ఆ ముసలిది నలభై ఏళ్ళ కొడుకును ఒక్కతే రెండు చేతుల మీద ఎత్తింది. ఎత్తి, "గీడు నా కొడుకా, కట్టెల మోపా? ఏం తినవెట్టిండ్రురా నా బిడ్డకు?" అంటూ గేటు ముందే కూర్చుంది. ఆమె లేవనన్నందుకే విచారణ వచ్చింది.

జైలు పుస్తకంలో మారయ్య ఆఖరి తూకం నూట ఇరవై ఒక్క పౌండ్లు. మూడు రోజుల తర్వాత డాక్టరు శవాన్ని తూచి రాసింది ఎనభై రెండు.

ఆ పుస్తకం రాసేది మైసయ్య. ఆ సంగతి అందరికీ తెలుసు. కావాలనే తప్పు రాశాడన్న సంగతి మాత్రం తనొక్కడికే తెలుసునని అతని నమ్మకం. ఇవాళ విచారణ. తెల్లవారగానే మారయ్య భార్య అండాలు కబురు పంపింది: "సార్ల ముందలికి పోకముందు ఒక్కపారి మైసయ్యతోని మాట్లాడాలె." దొంగకు తేలు కుట్టినట్టు, మైసయ్య పైకి అరవలేడు, లోపల ఓర్చుకోలేడు.

మైసయ్య ఖిడ్కీ లోంచి తల వంచి లోపలికి దూరాడు.

ఈ ఖిడ్కీ సంగతి ఒకటి చెప్పాలి. రాచగుట్ట జైలుకు మూడు దర్వాజాలు. ఒకటి మూసి తాళం వేస్తే గాని రెండోది తెరవరు. మూడింటికీ మనిషి నడుమెత్తున ఒక చిన్న తలుపు, అదే ఖిడ్కీ. ఎంతటి మొనగాడైనా వంగి రావలసిందే, వంగి పోవలసిందే. జైలరు కూడా వంగుతాడు, అయితే ఆయన వంగినప్పుడు సెల్యూట్ కొడతారు.

అసలిది జైలు కానే కాదు. పూర్వం ఏ రాజో గుర్రాలను కట్టేయడానికి గుట్ట నడుము మీద బండలు పేర్చి కట్టిన తబేలా. తర్వాత సర్కారు వారికి బందిపోట్లను పెట్టడానికి గట్టి జాగా కావలసి వచ్చింది. గుర్రాలు పోయాయి, మనుషులు వచ్చారు, గోడల్లో గొలుసు కొక్కాలు అలాగే ఉండిపోయాయి. వేరే జైళ్ళలో నిలవని మొండివాళ్ళనీ, యావజ్జీవం పడినవాళ్ళనీ ఇక్కడికి తోలేవారు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళను పట్టుకున్న రోజుల్లో మూడు వందల మంది పట్టే చోట తొమ్మిది వందల మందిని కుక్కారు. అప్పుడు వంతులేసుకుని పడుకున్నారని ముసలి వార్డర్లు ఇప్పటికీ చెబుతారు.

ఇక తూకం. ఒక కరువు ఏడాది జొన్నలు విసిరీ విసిరీ ఇరవై ముగ్గురు ఖైదీలు విసుర్రాళ్ళ ముందే పోయారట. పై నుంచి ఎవరో పెద్ద డాక్టరు వచ్చి అందరినీ చెడామడా తిట్టి ఒక కానూను పెట్టిపోయాడు. నెలకు రెండుసార్లు ప్రతి ఖైదీనీ తూచాలి. జైలుకు వచ్చినప్పటి తూకం కంటే పది పౌండ్లు తగ్గినవాడిని పని మాన్పించి దవాఖానలో పడుకోబెట్టాలి, పాలూ గోధుమ రొట్టే పెట్టాలి. అందుకోసం అంగడి నుంచి పెద్ద కాంటా ఒకటి కొనుక్కొచ్చి నడిమి వాకిట్లో వేలాడదీశారు. ఒక పళ్ళెంలో వడ్ల బస్తాలా ఖైదీ గొంతుక్కూర్చుంటాడు. రెండో పళ్ళెంలో రాళ్ళు పడతాయి.

మంచి కానూనే. కాని దానికొక తోక ఉంది. పని చేసిన ప్రతి నెలకూ ఖైదీకి నాలుగు రోజుల మాఫీ, అంటే శిక్షలో నాలుగు రోజులు తగ్గుతాయి. దవాఖానలో పడుకున్న నెలకు మాఫీ లేదు. పాలు తాగితే రోజులు పెరుగుతాయి, పని చేస్తే రోజులు తరుగుతాయి.

మైసయ్య నడిమి వాకిట్లోకి వచ్చేసరికి బీరన్న కాంటా కింద కూర్చుని ఉన్నాడు. బీరన్న కూడా ఖైదీయే. మహబూబ్‌నగర్ దిక్కు గొర్ల కాపరి. మంద తోలుకుపోతున్నవాడిని గొడ్డలితో నరికి యావజ్జీవం తెచ్చుకున్నాడు. పదిహేనేళ్ళుగా మాట పడకుండా ఉన్నందుకు కాంటా దగ్గర పని ఇచ్చారు. రాళ్ళు వేసి తూకం ఎంతో పైకి చెప్పడం అతని వంతు, పుస్తకంలో రాయడం మైసయ్య వంతు. రాబోయే పంద్రాగస్టుకు విడుదలయ్యే వారి జాబితాలో బీరన్న పేరు మొదటిది.

ఇప్పుడతను ఒక రాయి ఈ పళ్ళెంలో, ఒక రాయి ఆ పళ్ళెంలో వేసి చూసుకుంటున్నాడు. తీస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ బీరన్నా?" అన్నాడు మైసయ్య.

"రాళ్ళు సూస్తున్న సాబ్. పొద్దుగాల్ల సంది సూస్తున్న. అన్ని సరిగనే ఉన్నయి." బీరన్న తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాళ్ళు సరిగనే ఉంటె నా నోరే తప్పయి ఉంటది. నూట ఏడు ఉన్నకాడ నూట ఇరువై రెండని చెప్పిన్నేమో. నాకైతె నూట ఏడని చెప్పినట్టే యాదికున్నది. కాని బుక్కుల ఉన్నది అబద్ధమెట్లయితది?"

మైసయ్య చూపు రాళ్ళ మీదికి తిప్పుకున్నాడు.

"రెండు నూర్ల గొర్లను ఒక్కపారి సూసి ఎన్నున్నయో చెప్పెటోన్ని," అన్నాడు బీరన్న. "మనిషి తూకం కాడ తప్పిన. జైలర్ సాబ్ అడిగితె గదే చెప్పిన, నా తప్పే అయ్యుంటదని. పాపం, ఆ మారయ్య నా వల్ల పాయె."

నూట ఏడు. సరిగ్గా అదే. ఏప్రిల్ మొదటి తూకం నాడు బీరన్న గొంతెత్తి నూట ఏడని చెబితే, తను తల వంచి, మారయ్య వచ్చినప్పటి నూట ముప్పైకి పది తగ్గకుండా, నూట ఇరవై రెండు రాశాడు. అలా ఎనిమిది తూకాలు. చదువు రాని ఈ మనిషి పుస్తకాన్ని నమ్మి తన చెవినీ తన నోటినీ అనుమానించుకుంటున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, బీరన్న గుండె మీది బరువు దిగిపోతుంది. మైసయ్య ఆ మాట చెప్పలేదు. "ఫికర్ చేయకు," అని గొణిగి అక్కడి నుంచి పారిపోయాడు. పారిపోయాడనే రాస్తున్నాను, నడిచిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది.

ములాఖత్ గదిలో వేరెవరూ లేరు. ఆ గదిని నడిమికి చీలుస్తూ రెండు ఇనుప జాలీలు, వాటి మధ్య చెయ్యి చాచినా అందనంత దూరం. ఇవతల ఖైదీలు, అవతల ఇంటివాళ్ళు. మైసయ్య లోపలి నుంచి వచ్చాడు గనుక ఖైదీల వైపు నిలబడవలసి వచ్చింది. అవతల అండాలు ఉంది. బయటి వరండాలో, విచారణ గది గడప పక్కన ఉప్పలమ్మ కూర్చుని ఉన్న సంగతి అతను వస్తూ చూశాడు.

"వదినా," అన్నాడు. పక్కపక్క ఊళ్ళవాళ్ళు. మారయ్యను అన్నా అనేవాడు.

అండాలు తిట్టలేదు. తిడుతుందనీ, మన్నెత్తి పోస్తుందనీ అతను సిద్ధపడి వచ్చాడు. ఆమె జాలీ పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఆయన నిన్ను అడిగిండా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ఏం అడుగుతడు? నన్నేమడుగుతడు?" అన్నాడు మైసయ్య గబగబా.

"నా తాన దాసకు మైసయ్యా. తూకం ఎక్కువ రాయమని అడిగిండా లేదా?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. మైసయ్య గోడకు ఆనుకున్నాడు.

"అడిగిండు వదినా. మాఘమాసంల. కాంటల కూసొని నా దిక్కు సూసి, 'తమ్మీ, జర సూడు. దవాఖానల ఏస్తె నా రోజులు పోతయి. మిరుగం కార్తె వరకు ఇంటికి పోవాలె' అన్నడు. గంతే. మల్ల నోరు తెరిచి అడగలే. ప్రతి తూకానికి గట్ల సూసెటోడు, నేను రాసెటోన్ని."

"నీకు భయం గాలేదా?"

"మొదలు అయింది. తర్వాత..." మైసయ్య ఆగాడు. పన్నెండు రోజులుగా తనకు తాను కూడా చెప్పుకోని మాట గొంతులోకి వచ్చింది. "తర్వాత మంచిగ అనిపిచ్చింది వదినా. నీ తాన అబద్ధమెందుకు? గీ జైల్ల నన్ను ఒదరనోడు లేడు. జైలరు ఒదురుతడు, తిడ్తడు, ఖైదీలు సుత నవ్వుతరు. గసొంటిది నేనొక గీత గీస్తె ఒక మనిషి నాలుగు దినాలు ముందుగాల ఇంటికి పోతడు. నేను గంత పెద్దోన్నని అనిపిచ్చింది. దగ్గుతుండు, ఎండుకపోతుండు, నా కండ్లకు కనవడ్డది. కనవడ్డా నా చెయ్యి ఆగలే."

చెప్పేసి, తల దించుకుని, ఇక పడవలసిన మాటలు పడటానికి నిలబడ్డాడు.

"ఆయనకు అడుగుడు రాదు," అంది అండాలు. "పుట్టినకాడికెల్లి ఒగలను ఒగటి అడిగిన మనిషి కాదు. ఆకలైతె అన్నం పెట్టుమని సుత అడగడు. గా మాట నేను నేర్పిచ్చి పంపిన."

మైసయ్య తలెత్తాడు.

"గీ జాగలనే," అంది ఆమె. "గా దిక్కు, నువ్వున్న కాడనే నిలవడ్డడు. 'పానం బాగుంటలేదే, దవాఖానల పడుకుంట, పాలు ఇస్తరట' అన్నడు. నేనేమన్ననో ఎరుకేనా? 'ఇంట్ల మేము జొన్న గట్క తాగుతుంటె నీకు పాలు కావాల్సొచ్చినయా' అన్న. గీ యేడు మిరుగం నాడు నాగలి కట్టకపోతె కౌలు భూమి దొర వాపసు గుంజుకుంటడు. మొగోడు లేని ఇంట్ల వ్యవసాయమేందని తాసీల్దారు ముందల చెప్పిండు. మూడెకరాలు, మైసయ్యా. ఇద్దరు ఆడివిల్లలు. 'పండుకునుడు ఇంటికొచ్చినంక పండుకో, ఆ రాసెటోడు మన దిక్కోడే, కాళ్ళన్న పట్టుకో' అన్న. ఏమన్లే. దగ్గుకుంట నవ్విండు. 'సరే తియ్' అన్నడు."

ఆమె ఏడవలేదు. ఏడుపు వచ్చి ఉంటే మైసయ్యకు కాస్త ఊరటగా ఉండేది.

"పన్నెండు దినాల సంది నా నోట్ల గదే మాట తిరుగుతాంది. మా అత్తకు తెల్వది. ఆమె కొడుకును జైలోళ్ళు తిననియ్యక సంపిండ్రనుకుంటాంది. నేను దవాఖానకు పోనియ్యలే అని తెలిస్తె నన్ను గడప తొక్కనియ్యది. పిల్లలను తీస్కొని ఏడికి పోవాలె? నీ కాళ్ళు మొక్కుత మైసయ్యా, లోపల గా సంగతి ఎల్లనియ్యకు. తూకం తప్పు వడ్డదంటుండ్రు గద. తప్పు వడ్డదనే ఉండనియ్యి."

మైసయ్య గుండె ఒక్క క్షణం తేలికైంది. సిగ్గుమాలిన తేలిక, కాని నిజం. బాధితురాలే నోరు మూసుకోమంటోంది. నౌకరీ ఉంటుంది, ఇంట్లో భార్య నర్సింగమ్మ తల ఎత్తుకు తిరుగుతుంది. అంతలో వాకిట్లో రాళ్ళు మార్చి మార్చి తూచుకుంటున్న మనిషి గుర్తొచ్చాడు.

"తప్పు వడ్డదంటె ఒకని నెత్తి మీద వడ్తది వదినా."

"ఎవలి మీద?"

"బీరన్నని ఒక ఖైదీ. రాళ్ళేసెటోడు. పదిహేనేండ్లాయె లోపలికొచ్చి. పంద్రాగస్టుకు ఇంటికి పోయేదుండె. గీ తప్పు ఆయన పేరు మీద రాస్తె జాబితాలకెల్లి తీసేస్తరు. మల్ల ఎన్నడో."

అండాలు వరండా వైపు ఒకసారి చూసింది.

"పదిహేనేండ్లా?" అంది. "ఇంటికాడ ఎవలున్నరు?"

"పెండ్లాం ఉన్నది. ప్రతి ములాఖత్‌కు వస్తది."

అండాలు జాలీ వదిలేసింది. అవునని గాని కాదని గాని అనకుండా కొంగు సర్దుకుని వరండా వైపు నడిచింది. మైసయ్యకు అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. నిజం చెబితే ఇద్దరు పిల్లల తల్లి వీధిన పడుతుంది. చెప్పకపోతే తప్పు చేయనివాడు లోపల మిగులుతాడు. తన సంగతి తలుచుకోవడానికి కూడా అతనికి సిగ్గేసింది.

విచారణకు వచ్చిన డిప్యూటీ కలెక్టరుది బెజవాడ వైపు. రాష్ట్రాలు కలిసినప్పుడు ఇటు వచ్చాడు. రోహిణీ కార్తె ఎండకు గుట్ట కాలిపోతుంటే తడిగుడ్డ మెడ మీద వేసుకుని, పాపం, ఓపిగ్గానే వింటున్నాడు. పక్కన జైలరు. ఎదురుగా బీరన్న చేతులు కట్టుకుని ఉన్నాడు, గోడ వారగా మైసయ్య. తలుపు తీసే ఉంది. గడప అవతల ఉప్పలమ్మ, ఆమె వెనక అండాలు.

"అయితే తూకం చెప్పడంలో పొరపాటు నీదేనంటావు?" అన్నాడు డిప్యూటీ కలెక్టరు.

"నాదే అయ్యుంటది దొరా."

"ఎనిమిది సార్లూనా?"

బీరన్న బిక్కచచ్చిపోయాడు. "బుక్కుల గట్లనే ఉంటె గట్లనే దొరా."

జైలరు దగ్గి, "ఒప్పుకున్నాడు కదండీ," అన్నాడు. గుమాస్తా రాసిన కాగితం ముందుకు జరిపాడు. సిరా దిండు తెరిచాడు. బీరన్న బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు.

"ఆగుండ్రి!"

ఆ గొంతు తనదేనని మైసయ్యకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అందరూ అతని వైపు చూశారు. జైలరు కళ్ళతోనే నరికేశాడు.

"బీరన్న తప్పేం లేదు సార్. ఆయన ఎనిమిది పార్లు సరిగనే చెప్పిండు. నూట పద్దెనిమిదన్నడు, నూట పదమూడన్నడు, నూట ఏడన్నడు. ఆఖరుకు ఎనబై అయిదన్నడు. నేనే తప్పు రాసిన. తెలిసే రాసిన."

బీరన్న నోరు తెరిచాడు. బొటనవేలు గాల్లోనే ఉంది, దాని నుంచి సిరా కారుతోంది. "నూట ఏడన్ననా సాబ్?" అన్నాడు చిన్నపిల్లాడిలా. "నేను నూట ఏడనే అన్ననా?"

"నూట ఏడే అన్నవ్ బీరన్నా."

డిప్యూటీ కలెక్టరు మెడ మీది గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎందుకు రాశావయ్యా? మారయ్య అడిగాడా?"

అడిగాడంటే తర్వాతి ప్రశ్న ఏమిటో మైసయ్యకు తెలుసు. పాలూ రొట్టే మానుకుని పని చేస్తానని ఖైదీ ఎందుకు అడుగుతాడు, అతనికి ఎవరు చెప్పారు అంటారు. గడప వైపు చూడకుండా ఉండటానికి మైసయ్య చాలా కష్టపడ్డాడు.

"లేదు సార్. మారయ్యకు తెల్వది."

"తెలియదా?"

"నేనే నా అంతట నేను రాసిన. దవాఖానకు పంపితె మగ్గం మీద ఒక చెయ్యి తక్కువైతదని, మల్ల జైలర్ సాబ్ ఒదురుతడని. ఎవలు అడగలే. ఎవలు చెప్పలే."

"అంటే ఒక రోగిష్టిని తెలిసి తెలిసి చంపావన్నమాట," అన్నాడు డిప్యూటీ కలెక్టరు. ఆయన గొంతులో కోపం లేదు, అసహ్యం ఉంది.

"ఔ సార్."

ఇంత అబద్ధంలో ఆ ఒక్క మాటే మైసయ్యకు నిజంగానే వినిపించింది. ఒప్పుకున్నాక మనసు తేలిక పడుతుందంటారు గాని, అతనికి అలాంటిదేమీ కలగలేదు. మారయ్య దగ్గుతూ కాంటాలోకి ఎక్కడం కళ్ళ ముందు కనిపించింది, అంతే.

వెనక అడుగుల చప్పుడైంది. ఉప్పలమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. జవాను అడ్డం పోబోయి ఆ ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె నేరుగా మైసయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"నా కొడుకు నిన్ను తమ్మీ అన్నడు కదరా," అంది. "ములాఖత్‌ల నా తాన నీ ముచ్చటే చెప్పెటోడు. 'మైసయ్య ఉన్నడు, ఫికర్ లేదవ్వా' అనెటోడు. నేను తొమ్మిది నెలలు మోసిన బరువురా. నీ కలంతోని నువ్వు మింగితివా?"

ఆమె చెయ్యి పైకి లేచింది. మైసయ్య కదల్లేదు. ఆ దెబ్బ తనకు కావాలనిపించింది. కళ్ళు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. అతని మీదుగా ఒక మాట వచ్చింది, వణుకుతూ, కాని గదిలో అందరికీ వినిపించేటట్టు.

"ఆయనను కొట్టకు అత్తా. నీ కొడుకును దవాఖానకు పోనియ్యంది నేను."

మైసయ్య కళ్ళు తెరిచేసరికి ఉప్పలమ్మ, ఎత్తిన చెయ్యి దించకుండానే, కోడలి వైపు తిరుగుతోంది.